బడి కబురు ఇంటికి చేరాలంటే: హాజరు, చదువు, బడి సంగతులు తల్లిదండ్రులకి ఎలా చెప్పాలి

వాట్సాప్ గ్రూపు పెట్టేశాం కదా, ఇంక ఇళ్లకి అన్నీ తెలిసిపోతున్నాయి అనుకునే టీచర్లకి ముందుగా ఒక పని చెప్తాను. హాజరు పట్టీ తెరిచి ఒక్కో పేరు పక్కన పెన్సిల్‌తో నాలుగు సంగతులు రాయండి: ఈ పిల్ల గురించి కబురు అందుకునే మనిషి ఎవరు, ఆ మనిషికి చదవడం వచ్చా, ఫోను పగలు ఎవరి దగ్గర ఉంటుంది, సాయంత్రం ఎన్నింటికి ఇల్లు చేరతారు. అరగంట కూడా పట్టదు. తెలియక ఖాళీగా వదిలేసిన పేర్లు ఎన్ని ఉన్నాయో చూసుకోండి, మీ కబురు చేరని ఇళ్లు అవే.

నేను శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊళ్లో ప్రైమరీ స్కూల్ టీచర్ని. రెండు, మూడు తరగతులు కలిపి నా దగ్గర 28 మంది పిల్లలు. మొదటిసారి ఈ లెక్క వేసేముందు, గ్రూపులో 25 నంబర్లు ఉన్నాయి కదా అని ధైర్యంగా ఉన్నాను. తీరా చూస్తే అందులో 8 ఫోన్లు గుజరాత్‌లో వీరావల్ రేవు నుంచి వేటకెళ్లే బోట్ల మీద ఉన్న తండ్రులవి, 3 హైదరాబాద్‌లో బిల్డింగు పనులకి వెళ్లినవాళ్లవి, ఇంకొన్ని ఇంట్లో పెద్ద కుర్రాళ్ల చేతిలో గేములు ఆడుకునే ఫోన్లు. పొద్దున్నే పిల్లని లేపి, తల దువ్వి, జడేసి బడికి పంపేది చాలా ఇళ్లలో అమ్మమ్మో నాయనమ్మో. ఆవిడ దగ్గర ఉండేది బటన్ ఫోను. ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. పలాస చుట్టుపక్కల తల్లులు పొద్దున్నే జీడి కార్ఖానాలకి వెళ్లిపోతారు, విజయనగరం వైపు పల్లెల్లో ఎండలు ముదిరితే తెల్లారేసరికి ఉపాధి పనిలో ఉంటారు. మనం పదిన్నరకి పంపిన మెసేజిని రాత్రి ఎనిమిదికి ఎవరో ఒకరు చూస్తారు, అప్పటికి దాని మీద ఇంకో ఇరవై గుడ్ మార్నింగ్ బొమ్మలు వచ్చి పడి ఉంటాయి.

అందుకని ఏ కబురైనా మూడు దారుల్లో పంపండి. ఒకటి, గొంతుతో రికార్డు చేసిన వాయిస్ మెసేజి, సాయంత్రం ఏడుకీ ఎనిమిదికీ మధ్య. రెండు, జనం రోజూ ఆగే చోట ఒక బోర్డు, అది బడి గోడే కానక్కర్లేదు, మా ఊళ్లో మంచినీళ్ల కుళాయి దగ్గర రామమందిరం అరుగు గోడకి పెట్టాం, బిందె నిండేలోపు ఎవరో ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్లు వింటారు. మూడు, పిల్లల నోరు. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో పది నిమిషాలు "ఇంటికెళ్లి ఏం చెప్తారు" అని అడిగి ఇద్దరి ముగ్గురి చేత చెప్పించండి, వాళ్లకి మాట్లాడటమూ వస్తుంది, కబురూ ఇల్లు చేరుతుంది. బటన్ ఫోను ఇళ్లకి నెలకి ఒకసారి మీరే ఫోన్ చేయాలి, వేరే దారి లేదు.

హాజరు గురించి

ఇక్కడ నా వల్ల జరిగిన తప్పు ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇదే పని ఇంకా చాలామంది చేస్తున్నారు. ఒక ఏడాది రోజూ పదిన్నరకి, యాప్‌లో హాజరు వేసిన వెంటనే, ఆ రోజు రాని పిల్లల పేర్లు గ్రూపులో పెట్టేదాన్ని. చూసి పంపిస్తారులే అనుకున్నాను. మూడో తరగతి పాప ఒకతె వరసగా ఆరు రోజులు రాలేదు, ఆరు రోజులూ ఆ పేరు పెట్టాను. ఏడో రోజు సాయంత్రం ఇంటికి వెళ్లాను. గుమ్మంలో పాప నిలబడి ఉంది, చంకలో ఏడాదిన్నర తమ్ముడు, వాడి బరువుకి ఒక పక్కకి వంగిపోయి, ఇంకో చేత్తో పొయ్యి మీద గంజి కలుపుతోంది. నాయనమ్మకి కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లాలి, ఆ ఆరు రోజుల్లో ఒంట్లో మరీ బాగోక తల్లి ఆసుపత్రిలోనే ఉండిపోయింది. తండ్రి వీరావల్‌లో. ఆ రోజే ఇంటికి తీసుకొచ్చిన నాయనమ్మ మంచం మీదనుంచే అంది: "మీ పోన్ల పేరు సూసి ఊరందరూ అడుగుతన్నారు టీచరమ్మా, సిగ్గయిపోనాది. పిల్ల ఏటి సేస్తాది, సంటోడ్ని ఎవులు సూస్తారు?"

ఆ రాత్రి నుంచే గ్రూపులో పేర్లు పెట్టడం మానేశాను. రాని పిల్ల పేరు నలుగురిలో పెట్టకూడదు, గ్రూపులోనే కాదు, బోర్డు మీద కూడా. పేరు పెడితే పిల్ల బడికి రాదు, ఆ ఇల్లు మన కబురు వినడం మానేస్తుంది.

మరి ఏం చేయాలి? మొదటి రోజు రాకపోతే ఆ సాయంత్రమే ఒక ఫోను, లేదా పక్కింటి పిల్ల ద్వారా ఒక మాట. ఆ ఫోన్లో మొదటి ప్రశ్న "ఎందుకు పంపలేదు" అని ఉండకూడదు, "పిల్లకి బావుందా అమ్మా" అని ఉండాలి. రెండోది "రేపు వస్తుందా". వాళ్లు చెప్పిన కారణం ఉన్నది ఉన్నట్టు ఒక నోటుపుస్తకంలో తారీఖుతో రాసుకోండి. నెల తిరిగేసరికి ఆ పుస్తకం చూస్తే ఎవరికి ఏ సాయం కావాలో తెలుస్తుంది. జ్వరం ఒక రకం, చంటిపిల్లల్ని చూసుకోవడం ఇంకో రకం, ఊరి సంబరం ఇంకో రకం, బడంటే భయం ఇంకో రకం, అన్నిటికీ కలిపి "రోజూ బడికి పంపండి" అంటే ఏ ఒక్కటీ తీరదు. ఆ పాప ఇంటి విషయంలో డ్వాక్రా సంఘంలో ఒకావిడతో మాట్లాడితే డయాలసిస్ ఉన్న రెండు రోజులూ చంటివాణ్ణి తను చూస్తానంది. మనం అడగాలే గానీ ఊళ్లో చేసేవాళ్లు ఉంటారు.

ఇంక 75 శాతం సంగతి. బడికెళ్లే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులకి 75 శాతం హాజరు ఉండాలని అందరికీ తెలుసు, ఇంటింటా ఈ అంకె బాగా పాతుకుపోయింది. దీనివల్ల ఒక నష్టం ఉంది. ఏడాదిలో బడి 220 రోజులు నడిచిందనుకోండి, 75 శాతం అంటే 165 రోజులు, మిగతా 55 రోజులు మానేసినా డబ్బుకి ఇబ్బంది రాదు. కానీ 55 రోజులంటే రెండు నెలల పైన చదువు పోయినట్టు. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి కనీసం 200 రోజులు బడి నడవాలంటోంది. బడి అన్ని రోజులు నడుస్తున్నా పిల్ల 165 రోజులే వస్తే, మిగతావాళ్లు నేర్చుకున్నది ఆ పిల్లకి ఎక్కడో తెగిపోతుంది. అందుకే శాతం చెప్పకండి, రోజులు చెప్పండి. "జూలైలో బడి 25 రోజులు ఉంది, మీ పాప 19 రోజులు వచ్చింది, రాని 6 రోజుల్లో 4 సోమవారాలే" అని ఒక తల్లికి చెప్తే ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఆదివారం మా అమ్మగారింటికెళ్లి ఉండిపోతున్నాం టీచర్, అంది. ఆగస్టు నుంచి ఆదివారం సాయంత్రమే తిరిగొచ్చేవాళ్లు. శాతం చెప్పి ఉంటే ఈ సోమవారాల సంగతి ఆవిడకీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు.

కొన్నాళ్లు మానేసి తిరిగొచ్చిన పిల్ల గురించి కూడా ఇంటికి చెప్పండి. "ఇవాళ వచ్చింది, మధ్యాహ్నం దాకా కొంచెం బెరుగ్గా ఉంది, తర్వాత ఆడుకుంది" అంటే చాలు. వలస వెళ్లే కుటుంబాలకైతే వెళ్లకముందే మాట్లాడాలి, ఎక్కడికి, ఎన్నాళ్లు, అక్కడ పిల్లని బడిలో వేస్తారా అని అడిగి, కావలసిన కాగితాలు ముందే చేతిలో పెట్టండి, వెళ్లిపోయాక ఫోన్లు కలవవు.

చదువు గురించి చెప్పడం

ఇది అన్నిటికన్నా కష్టం, మనం అన్నిటికన్నా తక్కువ శ్రద్ధ పెట్టేదీ ఇదే. ఎఫ్ఏ వన్‌లో, అంటే ఏడాదిలో మొదటి చిన్న పరీక్షలో, బీ గ్రేడు వచ్చింది అని ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేయించుకుంటే నాయనమ్మకి ఏం అర్థమవుతుంది? ఆవిడకి తెలియాల్సింది పిల్ల ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది, తర్వాతి మెట్టు ఏది అన్నది. చదవడంలో నేను చెప్పే మెట్లు నాలుగు: అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ. ఆ మెట్టు మీద ఆగిన చోటు ఏదో కచ్చితంగా చెప్పాలి. ఉదాహరణకి మా రెండో తరగతి బాబు ఒకడు గుణింతాలన్నీ చదివేస్తాడు, ఒత్తు వచ్చేసరికి దాన్ని వదిలేస్తాడు, "చెట్టు"ని "చెటు" అంటాడు, "అమ్మ"ని "అమ" అంటాడు. "చదువులో వెనకబడ్డాడు" అంటే ఆ ఇంట్లో వాణ్ణి కొడతారు. "పదాలు చదువుతున్నాడు, ఒత్తుల దగ్గర ఆగుతున్నాడు, ఈ రెండు వారాలూ నేను రోజూ ఒత్తుల పదాలే చేయిస్తాను, ఇంట్లో వాడి చేత రోజూ ఐదు పదాలు చదివించుకుని వినండి" అంటే ఇంట్లో ఒక పని దొరుకుతుంది.

మాకు చదువు రాదు కదా, మేమేం చెప్పించగలం, అని చాలామంది అంటారు. వినడానికి చదువు అక్కర్లేదని ఓపిగ్గా చెప్పండి. సబ్బు కవరు, రేషన్ కార్డు, ఆర్టీసీ బస్సు బోర్డు, పెళ్లి శుభలేఖ, ఏదైనా సరే చేతికిచ్చి "ఇక్కడేటి రాసుంది, సదువు" అంటే పది నిమిషాల చదువు అయిపోయినట్టే. లెక్కలకి ఇంకా మంచి గురువులు ఇళ్లలోనే ఉన్నారు. మా ఊళ్లో చేపల గంప నెత్తిన పెట్టుకుని పక్క ఊళ్లకి వెళ్లి అమ్మే ముసలమ్మలు పలక పట్టకుండానే చిల్లర లెక్క ఇట్టే చెప్పేస్తారు. 50 రూపాయల నోటిచ్చి 32 రూపాయల సరుకు తీసుకుంటే ఎంత తిరిగి రావాలో మా మూడో తరగతి వాళ్లు కాగితం మీద అప్పు తెచ్చుకుని తీసివేస్తూ తప్పులు చేస్తున్నారు, "నువ్వు ఎలా లెక్కేస్తావో మీ మనవరాలికి నోటితో చెప్పు అమ్మా" అని వాళ్లలో ఒకావిడని అడిగాను. "32 మీద 8 ఏస్తే 40, ఇంకో పదేస్తే 50, పద్దెనిమిదే కదా" అంది. మర్నాడు ఆ పాప బోర్డు దగ్గరకొచ్చి అలాగే చేసి చూపించింది. ఆ సంగతి బోర్డు మీద రాశాం, అప్పట్నుంచి ఆవిడ ప్రతి మీటింగుకీ వస్తోంది.

దూరంగా ఉన్న తండ్రులకి చదువు కబురు పంపడానికి నాకు తెలిసిన మంచి పద్ధతి, పిల్ల నాలుగు వాక్యాలు చదువుతుంటే రికార్డు చేసి ఆ తండ్రి నంబరుకి విడిగా పంపడం. తప్పులు దిద్దకండి, తడబాటు అలాగే ఉండనివ్వండి, నెల తర్వాత ఇంకోటి పంపండి, తేడా ఆయన చెవికే తెలుస్తుంది. బోటు వేటలో ఉన్నన్నాళ్లు సిగ్నల్ ఉండదు, రేవుకి వచ్చాక వింటారు. ఒకాయన పదకొండు రోజుల తర్వాత రాత్రి వాయిస్ పెట్టాడు, వెనక ఐసు కొట్టే చప్పుడు వినిపిస్తోంది, "అమ్మా, మూడోసారి యింటన్నాను" అన్నాడు, అంతే.

ఏ భాషలో చెప్పాలి

ఇంట్లో మాట్లాడే భాషలోనే. "విద్యార్థి గైర్హాజరీ పట్ల తల్లిదండ్రులు శ్రద్ధ వహించగలరు" అనేది తల్లిదండ్రులకి రాసింది కాదు, ఆఫీసు కాగితం. వాడుక భాషలో చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టినవారు, ఆ రోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన కొండల్లో ఉండే గిరిజనులు శబరుల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే బడి పెట్టినవారు. ఆయన పటానికి దండ వేసిన చేత్తోనే ఇళ్లకి అర్థం కాని నోటీసు రాయడం నాకు బాధగా ఉంటుంది. మందస, మెళియాపుట్టి వైపు శబర ఇళ్లున్నచోట, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్లున్నచోట, ఆ భాష వచ్చిన ఒక తల్లినో పెద్ద విద్యార్థినో పక్కన పెట్టుకుని వాయిస్ రికార్డు చేయించండి.

నేను శుక్రవారం పంపే వాయిస్ ఇలా ఉంటుంది, ఒకటిన్నర నిమిషం దాటనివ్వను:

"నమస్తే అమ్మా, నమస్తే నాన్నగారూ, బడి నుంచి టీచర్ని మాట్లాడుతున్నాను. ఈ వారం బడి నాలుగు రోజులు జరిగింది, బుధవారం వానకి సెలవిచ్చారు. మూడు రోజులు పిల్లలందరూ వచ్చారు, చాలా సంతోషం. రెండో తరగతి వాళ్లు ఒత్తులు నేర్చుకుంటున్నారు, మూడో తరగతి వాళ్లకి తీసివేతలు అవుతున్నాయి. ఈ శనాదివారాల్లో మీ పిల్ల చేత ఇంట్లో ఉన్న ఏదైనా కవరు మీద పేరు చదివించండి. గురువారం గుడ్డు రాలేదు, వచ్చే వారం ఇస్తామన్నారు, వచ్చాక చెప్తాను. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి స్కూల్ కమిటీ మీటింగు, మంచినీళ్ల ట్యాంకు గురించి మాట్లాడుకోవాలి. ఏమైనా చెప్పాలంటే రేపు సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఫోన్ చేయండి. ఉంటానమ్మా."

అందులో గుడ్డు రాలేదన్న మాట చూశారా, అది మానకండి. మధ్యాహ్న భోజనంలో ఏం తిన్నారో పిల్లలు ఇంటికెళ్లగానే చెప్తారు, మనం చెప్పకపోతే టీచర్లు దాచారనుకుంటారు. లోటు మనమే ముందు చెప్తే, మంచి చెప్పినప్పుడు కూడా నమ్ముతారు. స్కూల్ గ్రాంటు వచ్చినప్పుడూ అంతే, ఎంత వచ్చింది, చీపుర్లకెంత, సున్నానికెంత, మిగిలిందెంత, బోర్డు మీద రాసేయండి.

బడి, ఊరు

ఊరికి బడి సంగతులు చెప్పడం ఎంత ముఖ్యమో ఊరి సంగతులు బడికి తెలియడం అంత ముఖ్యం. జూన్‌లోనే కమిటీ వాళ్లని కూర్చోబెట్టి ఈ ఏడాది మన ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో గ్రామదేవత సంబరాలు ఎప్పుడు, వరి కోతలు ఎప్పుడు మొదలవుతాయి, ఎవరింట పెళ్లిళ్లున్నాయి అని అడిగి గోడ కేలండర్ మీద రాసుకోండి. విజయనగరం వైపు బళ్లలో విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను చూడటానికి ఇల్లిల్లూ కదిలిపోతుంది, ఆ వారం ముఖ్యమైన పాఠం మొదలుపెట్టడం, పరీక్ష పెట్టడం పిల్లలకి అన్యాయం. "సంబరం రెండు రోజులు, మూడో రోజు పిల్లల్ని పంపించండి, ఆ రోజు సంబరం బొమ్మలు గీయిద్దాం" అని ముందే చెప్పండి, చాలామంది పంపిస్తారు.

విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మినిట్స్ పుస్తకంలో సంతకాలకే అయితే వాళ్లు ఒకసారి వచ్చి ఊరుకుంటారు. మీటింగులో ఎవరేం అడిగారో, దానికి ఏమైందో వచ్చే వారం వాయిస్‌లో చెప్పండి. పని అవ్వకపోతే అవ్వలేదని, ఎక్కడ ఆగిందో చెప్పండి.

మెగా పేరెంట్ టీచర్ మీటింగు వచ్చాక, 2024 డిసెంబరు 7న మొదటిసారి, 2025 జూలై 10న రెండోసారి, రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రులు బడికి వచ్చారు. ఇది మంచి అవకాశం, వేదిక మీద మాటలు త్వరగా ముగించి ఒక్కో కుటుంబానికి కనీసం ఐదు నిమిషాలు విడిగా కేటాయించండి. పిల్లని పక్కనే కూర్చోబెట్టండి, నోటుపుస్తకంలో జూన్ పేజీ ఒకటి, ఇప్పటి పేజీ ఒకటి తెరిచి పెట్టండి. చదవడం రాని అమ్మ కూడా రాత కుదిరిందో లేదో ఆ రెండు పేజీలు చూసి చెప్పేస్తుంది. ఆ తర్వాత ఒక్కటే అడగండి: "ఇంట్లో దీనికి ఏమంటే ఇష్టం?" మా మూడో తరగతిలో ఎప్పుడూ మాట్లాడని పిల్లకి పాటలు ఇష్టమని అలా తెలిసింది.

పిల్లల ఫోటోలు గ్రూపులో పెట్టేముందు ఇంటివాళ్లని అడగండి, ఒప్పుకోని ఇల్లు ఉంటే ఆ పిల్ల ముఖం పడకుండా తీయండి. చేతులు, పలకలు, తోటలో మొక్కలు తీసినా బడి కనిపిస్తుంది.

ఇదంతా ఒకేసారి మొదలుపెట్టాలంటే టెన్షన్ వస్తుంది, మనకి యాప్ పనులు, రికార్డులు ఎలాగూ ఉన్నాయి. ఈ వారం ఆ పెన్సిల్ లెక్క ఒకటి చేయండి, వచ్చే శుక్రవారం ఒక వాయిస్ పంపండి, మిగతావి తర్వాత. రెండు నెలల దాకా ఎవరూ తిరిగి ఫోన్ చేయకపోతే నిరాశపడకండి. మా దగ్గరా అలాగే అయింది. మొదటి కబురు తిరిగొచ్చింది ఆ చంటివాణ్ణి ఎత్తుకున్న పాప ఇంటినుంచే. ఒక పొద్దున్న ప్రేయరు కాకముందే పక్కింటి కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చి ఊపిరి తీసుకోకుండా చెప్పాడు: "టీచర్, ఆల నాయనమ్మ సెప్పమంది, ఇయాల ఆసుపత్రికెల్తన్నారంట, గుంట రాదంట, రేపు తప్పకుండా పంపుతాదంట."